బడి గేటు నుంచి యాభై మీటర్లు: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారములు.

బడి పిల్లల ఆహారం గురించి 2020 సెప్టెంబరులో వెలువడిన నిబంధనలు 2021 జులై 1 నుంచి అమలులో ఉన్నాయన్న సంగతి తమకు తెలియనిది కాదు. కనుక బడుల్లో జంక్ ఫుడ్‌ను కట్టడి చేయాలా వద్దా అని వాదించడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. ఆ వాదన 2010లో ఢిల్లీ హైకోర్టుకు చేరింది, 2015లో అక్కడ ఉత్తర్వులు వచ్చాయి, ఆ తరువాత అయిదేళ్లకు కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలో గానీ, గేటు నుంచి ఏ దిక్కుకైనా యాభై మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదని తేలిపోయింది. తేలనిదల్లా ఆ మాటను అమలు చేయవలసిన వారు ఎవరన్నదే.

మా పిల్లలు చదివే ప్రైవేటు బడి ఒక జిల్లా కేంద్రంలో ఉంది. గేటు దాటి రోడ్డెక్కేలోపే మూడు దుకాణాలు, సాయంత్రమైతే వాటికి తోడుగా బండ్లు. అయిదు రూపాయల, పది రూపాయల చిప్స్ ప్యాకెట్ల దండలు సరిగ్గా మూడో తరగతి పిల్లల కంటికి అందే ఎత్తులో వేలాడుతుంటాయి. నూడుల్స్ బండి మీద మూడింటికి కాగడం మొదలైన నూనె చీకటి పడేదాకా మారదు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపు అమ్మకూడని సిగరెట్లు కూడా ఆ మూడింటిలో ఒక దుకాణంలో దొరుకుతాయి గనుక, దిక్కులేనిది యాభై మీటర్ల నిబంధన ఒక్కటే కాదని మేము సరిపెట్టుకోవాలి కాబోలు.

దీని గురించి ముందుగా బడి యాజమాన్యాన్ని అడిగాము. గేటు లోపలి వరకే తమ బాధ్యత అని, బయట జరిగేది మున్సిపాలిటీ చూసుకోవాలని అన్నారు. మున్సిపాలిటీ వారు తాము ట్రేడ్ లైసెన్సు మాత్రమే చూస్తామని, తినే వస్తువుల సంగతి ఫుడ్ ఇన్‌స్పెక్టరుకు చెప్పుకోమని పంపించారు. ఆ కార్యాలయంలో ఎంతో ఓపికగా విన్నారు. కల్తీ అనుమానముంటే శాంపిల్ తీయగలం గానీ ప్యాకెట్ మీద లైసెన్సు నంబరు, తేదీ సరిగ్గా ఉన్న సరుకును ఏమని పట్టుకోమంటారని, బడుల విషయం విద్యాశాఖది కదా అని అడిగారు. విద్యాశాఖ వారు మళ్లీ యాజమాన్యాన్నే కలవమన్నారు. చివరికి కలెక్టరు కార్యాలయంలో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ పెట్టుకుంటే, కొన్నాళ్లకు మా సమస్య పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. సంతోషించి చూడబోతే గేటు దగ్గర అంతకు ముందు లేని మరో బండి వెలసి ఉంది.

మంత్రి గారూ, బయటి బండ్ల మీదే కోపగించుకుంటే అది అన్యాయమవుతుందని కూడా నాకు తెలుసు. ఎండలో నిలబడి రోజుకు నాలుగైదు వందలు సంపాదించుకునే మనిషిని తరిమేయమని మేము అడగడం లేదు. ఏం అమ్మకూడదన్నదే నిబంధన గానీ, మనుషులు బతకకూడదని కాదు. అదే బండి మీద ఉడకబెట్టిన పల్లీలు, జామకాయలు, కాల్చిన మొక్కజొన్న అమ్మితే కొనే తల్లిదండ్రులలో మొదటివాడిని నేనే. అసలు వ్యాపారమంతా గేటు లోపల ఉంది. అక్కడి క్యాంటీన్‌ను బడివారు ఒక కాంట్రాక్టరుకు అద్దెకు ఇచ్చారు. అద్దె ఏటేటా పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ మిగిలే సరుకే అతను తెస్తాడు: పఫ్‌లు, చిప్స్, క్రీమ్ బిస్కెట్లు, కూల్ డ్రింకులు. ఉడికించిన శనగలు సాయంత్రానికి పాడవుతాయి, చిప్స్ ప్యాకెట్ నాలుగు నెలలైనా పాడవదు. అతని లెక్క అతనికి ఉంది. యాజమాన్యం లెక్క మాత్రం నాకు అర్థం కాదు. ఏటా లక్షకు పైగా ఫీజు తీసుకునే బడికి, ఆ పిల్లల ఆకలి మీద వచ్చే అద్దె కూడా కావలసి వచ్చిందా?

బడుల్లో షుగర్ బోర్డులు, అంటే చక్కెర ఎంత తినవచ్చో పిల్లలకు చెప్పే బోర్డులు పెట్టాలని సీబీఎస్ఈ 2025 మే నెలలో ఆదేశించింది. మా బడి ఈ ఒక్క విషయంలో ఆలస్యం చేయలేదు. అందమైన రంగుల్లో బోర్డు వేయించారు. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలకు రోజువారీ శక్తిలో 13 శాతం, పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 15 శాతం చక్కెర నుంచే వస్తోందని, అది 5 శాతం దాటకూడదని ఆ ఆదేశంలో ఉన్న అంకెలన్నీ దాని మీద ఉన్నాయి. ఆ బోర్డును తగిలించిన గోడకు ఆనించే క్యాంటీన్ ఫ్రిజ్ ఉంది. పావు లీటరు కోలాలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు 25 గ్రాములు మించవద్దని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంటే, బోర్డు చదువుతూ ఒక్క సీసా తాగిన పిల్లవాడు మధ్యాహ్నానికే ఆ రోజు కోటా పూర్తి చేసుకుంటున్నాడు. చదువు చదువే, తిండి తిండే అని బోధించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఉండదు.

ఇక మాకు వచ్చే సలహాలకు లోటు లేదు. పేరెంట్స్ మీటింగులో పిల్లలను ఇంట్లో అదుపులో పెట్టుకోండని చెబుతారు, డబ్బులిచ్చి పంపవద్దంటారు. ఉదయం ఏడున్నరకు బస్సెక్కిన పిల్లవాడు పన్నెండున్నరకు డబ్బా తిని, స్టడీ అవర్ పేరుతో సాయంత్రం అయిదున్నర దాకా అక్కడే ఉంటాడు. నాలుగింటికి వాడికి వేసే ఆకలి దురలవాటు కాదు. ఆ ఆకలి సమయానికి వాడి కళ్లెదుట చిప్స్ తప్ప మరొకటి ఉంచని పెద్దలు, వాడిని నిగ్రహించుకోమనడం ఏ న్యాయమో చెప్పండి. ప్రభుత్వ బడుల్లో పదో తరగతి ప్రత్యేక తరగతులకు ఉడికించిన శనగలు, పెసలు, పల్లీ బెల్లం పెట్టిన అనుభవం తమ ప్రభుత్వానికి ఉంది. పరీక్షల ముందు కొన్ని వారాలకే పరిమితమైనా ఆ పని సరైన పని. అంత ఫీజు కడుతున్న మా పిల్లలకు అదే తిండిని డబ్బుకు అమ్మమని ప్రైవేటు బడులను ఆదేశించడానికి ఖజానాకు రూపాయి ఖర్చు లేదు.

ఫుడ్ ఇన్‌స్పెక్టరు కార్యాలయం చెప్పిన దాంట్లో కొంత నిజముందని కూడా ఒప్పుకోవాలి. చక్కెర, ఉప్పు ఎంత ఉంటే ‘ఎక్కువ’ అవుతుందన్న అంకెను ఆ నిబంధనలు చెప్పలేదు. దుకాణదారుడు అదే ప్రశ్న అడిగితే తనిఖీకి వెళ్లిన అధికారి దగ్గర జవాబు ఉండదు. అయితే అంకె లేదన్న సాకుతో కూల్ డ్రింకులో చక్కెర ఎక్కువో కాదో తెలియనట్టు నటించాలా? ఆహార భద్రతపై రాష్ట్ర స్థాయిలో ఉండే సలహా సంఘంలో పర్యవేక్షణ కోసం ఒక ఉపసంఘం ఉండాలని అదే నిబంధనల్లో ఉంది. ఆ ఉపసంఘం కూర్చుని, బడి దగ్గర అమ్మకూడని వస్తువులివీ అని తెలుగులో ఒక పట్టిక రాసి పంపితే మూడు వంతుల వాదన అక్కడితో ఆగిపోతుంది. తలచుకుంటే తమ శాఖకు ఇది పెద్ద పని కాదని కూడా చూశాము. 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. అప్పుడు ఎవరి బాధ్యత ఎంతవరకన్న సందేహం ఎవరికీ రాలేదు. ఒక్కసారిగా ఆసుపత్రి పాలుచేసే తిండికి ఉత్తర్వులు వస్తాయి, పదేళ్లు తీసుకుని చక్కెర జబ్బు తెచ్చే తిండికి మాత్రం మేము ఎదురుచూడాలన్నమాట.

దయచేసి మాకు మరో అవగాహన సదస్సు వద్దు. ర్యాలీలు వద్దు, పిల్లల చేత ప్రతిజ్ఞలు వద్దు. క్యాంటీన్లు తనిఖీ చేయించండి. ఆ యాభై మీటర్లు ఎవరి పరిధిలోకి వస్తాయో ఒక అధికారి హోదాను, ఫోను నంబరును ప్రతి బడి గేటు మీద రాయించండి. అమ్మకాలు నిషేధమని గేటు దగ్గర బోర్డు పెట్టాలని నిబంధనల్లోనే ఉంది కనుక, ఆ బోర్డు మీదే మరో పంక్తికి చోటు దొరుకుతుంది. జూన్ 12న బడులు తెరుచుకునేలోగా క్యాంటీన్లు తనిఖీ చేయించండని మళ్లీ వేడుకుంటున్నాను. అది కూడా కుదరని పక్షంలో, మా అర్జీ ఏ విధంగా పరిష్కారమైందో కనీసం ఆ ఒక్క ముక్కైనా రాతపూర్వకంగా తెలియజేయించగలరు.

ఇట్లు,
ఇద్దరు బడి పిల్లల తండ్రి