కో-పైలట్ మాట చెల్లాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మన జిల్లా పిల్లలు పైలట్ లైసెన్సు సాధించారన్న వార్తలు మీ జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు వస్తున్నాయి. చదువుకు ఎంత ఖర్చయింది, తల్లిదండ్రులు ఎంత పొలం అమ్మారు, జీతం ఎంత వస్తుంది అన్నవన్నీ వాటిలో ఉంటున్నాయి గానీ, ఆ పిల్లలు ఫస్ట్ ఆఫీసర్లుగా, అంటే కో-పైలట్లుగా, కుడివైపు సీట్లో కూర్చున్నాక, ఎడమవైపు సీట్లోని కెప్టెన్ వారి మాట వింటాడా లేదా అన్నది ఎక్కడా కనిపించదు. శంషాబాద్‌లో విమానం ఎక్కే పాలమూరు, నల్లగొండ ప్రయాణికుల క్షేమం కూడా దానిమీదే ఆధారపడి ఉంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. విమానం ఉండవలసిన దానికంటే ఎక్కువ ఎత్తులో ఉందని గమనించిన ఫస్ట్ ఆఫీసర్ ‘గో అరౌండ్’ అని, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేపమని, మూడుసార్లు చెప్పినా, హెచ్చరిక యంత్రాలు మొత్తుకున్నా కెప్టెన్ వినలేదని విచారణలో తేలింది. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడన్న సంగతే జనానికి గుర్తుండిపోయింది. ఆ నివేదికలో అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది. కో-పైలట్ తనంతట తాను గో అరౌండ్ మొదలుపెట్టవచ్చా అన్న విషయంలో ఆదేశాలు స్పష్టంగా లేకపోవడం వల్లే, బహుశా, అతను పదేపదే నోటితో చెప్పాడే తప్ప కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోలేదని దాని సారాంశం.

పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న, అదే సంస్థ విమానం అదే దుబాయ్ నుంచి వచ్చి కోజికోడ్‌లో వానలో, వెనుక గాలిలో, దాదాపు సగం రన్‌వే దాటాక నేలను తాకి చివరి నుంచి జారిపోయింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది మరణించారు. అక్కడా కో-పైలట్ గో అరౌండ్ అన్నాడు, అక్కడా కెప్టెన్ దిగడానికే మొగ్గాడు. తేడా ఏమిటంటే, ఈసారి కో-పైలట్ కంట్రోల్స్ అందుకోకపోవడాన్ని కూడా నివేదిక ప్రమాద కారణాల్లో చేర్చింది. మంగళూరులో అధికారం ఉందో లేదో తెలియని మనిషి, కోజికోడ్‌కు వచ్చేసరికి ఆ అధికారం వాడనందుకు తప్పు మోయవలసిన వాడయ్యాడు. వాడితే వెనకేసుకొచ్చేది ఎవరన్నది మాత్రం తేలలేదు.

పెద్దలకు ఎదురుచెప్పని మన అలవాటే దీనికి మూలమని కొందరు అంటుంటారు. అందులో నిజం లేకపోలేదు గానీ, అదే మొత్తం కారణమైతే 1977లో స్పెయిన్ దీవి టెనెరిఫేలో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయేవారు కాదు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని అక్కడ డచ్చి ఫ్లైట్ ఇంజినీరు సందేహం వెలిబుచ్చితే, అనుభవజ్ఞుడైన కెప్టెన్ ఒక్క మాటతో దాన్ని కొట్టిపారేశాడు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1978 నుంచి 1990 దాకా సిబ్బంది పొరపాట్లతో జరిగిన 37 పెద్ద ప్రమాదాలను పరిశీలిస్తే, 80 శాతానికి పైగా వాటిలో విమానం నడుపుతున్నది కెప్టెనే. ఫస్ట్ ఆఫీసర్ నడుపుతుంటే కెప్టెన్ వెంటనే తప్పు పట్టుకుంటాడు. కెప్టెన్ నడుపుతున్నప్పుడు చిన్నవాడు ఆ పని చేయాలి, చేయలేకపోతున్నాడు.

నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ని. మా దగ్గర 11 కేవీ ఫీడర్ (కరెంటు లైను) మీద పనికి లైన్‌మన్ లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకునే అనుమతి, తీసుకుంటే, తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇచ్చేదాకా సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫీడర్‌కు మళ్లీ కరెంటు వదలకూడదు. కరెంటు లేక ఊళ్లోవాళ్లు కేకలేసినా, స్వయంగా డివిజనల్ ఇంజినీరు (డీఈ) ఫోన్ చేసినా సరే. స్తంభం మీదున్న వాడి హోదా అక్కడ ఎవరికీ అక్కర్లేదు. అంతమాత్రాన డీఈ గౌరవం తగ్గిందని మేమెవ్వరం అనుకోలేదు.

విమానానికి చివరి బాధ్యుడు కెప్టెనే, అది అలాగే ఉండాలి. ఇద్దరూ సమానమే అంటే ఆపద వేళ నిర్ణయం తీసుకునేవాడే ఉండడు. అయితే గో అరౌండ్ సంగతి వేరు. అనవసరంగా పైకి లేచినా పోయేది కొంత ఇంధనం, కొన్ని నిమిషాలు. అవసరమైనప్పుడు లేవకపోతే ఏం పోతుందో రెండుసార్లు చూశాం. కాబట్టి ఇద్దరిలో ఎవరన్నా సరే, ఆ మాట వినబడగానే వాదన లేకుండా విమానం పైకి లేవాలి.

మా వీధిలోని ఒక కుర్రవాడు ఫస్ట్ ఆఫీసర్. ప్రయాణానికి ముందు మాట్లాడుకునేటప్పుడు ‘నేను పొరపాటు చేస్తే గట్టిగా చెప్పు’ అనే కెప్టెన్‌తో తాను ఎలా పనిచేస్తాడో, ఫోన్ చూసుకుంటూ సంతకం పెట్టి లేచిపోయే కెప్టెన్‌తో ఎలా పనిచేస్తాడో అతను చెబుతుంటే, ఇంత పెద్ద వ్యవస్థ ఒక మనిషి స్వభావం మీద నడుస్తోందా అనిపించింది. రోజుకో కొత్త కెప్టెన్‌తో జత కలిసే ఉద్యోగంలో మంచివాడు దొరకాలని కోరుకోవడం పద్ధతి కాదు.

సిబ్బంది సమన్వయ శిక్షణ ఇప్పటికే తప్పనిసరి అని అధికారులు అనవచ్చు. తరగతి గదిలో స్లైడ్లు చూపించడం నేను అడిగేది కాదు. సిమ్యులేటర్ (నేలమీది నకలు విమానం) పరీక్షలో కెప్టెన్ కావాలని తప్పుగా దిగుతుంటే ఫస్ట్ ఆఫీసర్ కంట్రోల్స్ అందుకున్నాడా, అందుకున్నప్పుడు కెప్టెన్ వదిలాడా అన్న రెండూ చూసి మార్కులు వేయాలి. గో అరౌండ్ అన్న మాటను ఖాతరు చేయకుండా దిగిన ఘటనలు ఏటా ఎన్ని జరిగాయో, పేర్లు లేకుండా, సంస్థలవారీగా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ బయటపెట్టాలి. కెప్టెన్లు చాలినంత మంది లేకపోవడం, ఆ కెప్టెన్ మర్నాడు ఉదయమే మరో విమానం నడపవలసి ఉండటం కోజికోడ్‌లో అతని ఆలోచనపై ప్రభావం చూపాయని నివేదికే చెప్పింది కనుక, డ్యూటీలు వేసే వారిని కూడా ఈ లెక్కలో జవాబుదారీ చేయాలి.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా