విరిగిన పిన్ను మీది గీతలు

చీమకుర్తి

చిరంజీవి ప్రసన్నకు నాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేతిలో ఉండగా, వస్తువులు బరువుకు ఎలా వంగుతాయో, ఎందుకు విరుగుతాయో చదివే పదార్థాల యాంత్రికశాస్త్రం అంటూ పరిశోధనకు వెళ్లడం తెలివైన పనేనా అన్నావు. మీ బాబాయి వద్దన్నాడు. నేను వెళ్లమంటున్నాను.

ఇరవై ఆరేళ్లుగా గెలాక్సీ గ్రానైట్ రాళ్ల మధ్య పనిచేస్తున్నాను. బ్లాకు మీద నీళ్లు చల్లి ఆరేదాకా చూస్తాం. రాయంతా ఆరినా ఎక్కడైనా సన్నని తడి గీత మిగిలిందంటే అక్కడ పగులున్నట్టే. సుత్తితో తడితే మంచి రాయి గంటలా మోగుతుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. అంత బరువు మోసే రాయి, వరుసగా రంధ్రాలు వేసి మేకులు దించితే ఎందుకంత తేలికగా విడిపోతుందో నేనెన్నడూ ఆలోచించలేదు. రెండో ఏడాది సెలవుల్లో నువ్వు గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజినీరు గురించి చెప్పావు. గాజు మీద పరిశోధించి, అది అనుకున్నదానికంటే ఎంతో ముందే పగలడానికి కారణం అందులో దాగిన సూక్ష్మమైన పగుళ్లేనని 1921లో ఆయన తేల్చాడన్నావు. నా చేతులకు తెలిసినదానికి ఒకరు లెక్క కట్టారని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

నీకు ఆరేళ్లప్పుడు ఒక క్వారీలో క్రేన్ పిన్ను విరిగి బ్లాకు జారింది. నా పక్కన పనిచేసే మనిషికి కాలు పోయింది. బరువు ఎక్కువైందని అందరూ తీర్మానించారు. ఆ రోజు ఎత్తింది రోజూ ఎత్తే బ్లాకే. విరిగిన ముక్కను ఎందుకో దాచాను. పద్నాలుగేళ్ల తర్వాత నువ్వు దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూపించావు. అంచున చిన్న గాటు, అక్కడి నుంచి ఒకదాని వెనుక ఒకటి వంపు గీతలు, కొత్తపట్నం ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలేవాటిలా. వాటిని బీచ్ మార్కులనే అంటారని నువ్వు చెబితే ఆశ్చర్యపోయాను. గరుకుగా ఉన్న కొద్ది భాగం మాత్రమే ఆ రోజు తెగింది. మిగతాదంతా ఎన్నో నెలలుగా, బరువు ఎత్తి దించిన కొద్దీ తెగుతూనే వచ్చింది. ఆ పిన్ను అన్ని రోజులూ చెబుతూనే ఉంది తల్లీ, చదవగలిగినవాళ్లు మాలో లేరు.

1954లో కామెట్ అనే రెండు జెట్ ప్రయాణికుల విమానాలు గాలిలోనే ముక్కలయ్యాక, మరో కామెట్‌ను నీళ్ల తొట్టెలో ఉంచి, లోపలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ అది చీలేదాకా పరీక్షించి కారణం పట్టుకున్నారు. అలాంటి ఓపిక గల పని మన దగ్గరా ఉంది. కల్పాక్కం అణు రియాక్టర్‌లో 500 డిగ్రీలు దాటిన సోడియం మధ్య ఉక్కు ఏళ్ల తరబడి నిలవాలి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో లోహాల మీద పరిశోధించే డీఎంఆర్ఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉన్నాయి, బెంగళూరులో విమానాల పరిశోధన చేసే ఎన్ఏఎల్. అంత దూరమెందుకు, 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటను చూడు. అక్కడి నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 రాకెట్‌కు ఇరువైపులా ఉండే ఒక్కో మోటారులో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. అది రబ్బరులాంటిది. అందులో పగులుంటే మంటకు కొత్త ముఖం దొరికి లోపల ఒత్తిడి హద్దు మీరుతుంది. ఏ పగులు ప్రమాదమో, దేన్ని వదిలేయవచ్చో తేల్చడం చిన్న విద్యా?

డబ్బు సంగతి దాచను. గేట్ పరీక్ష ద్వారా ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు. పీహెచ్‌డీలో మొదట 37,000, తర్వాత 42,000. నీకొచ్చిన ఉద్యోగంతో పోలిస్తే తక్కువే. ప్రభుత్వ ప్రయోగశాలల్లో ఖాళీలు మనం కోరినప్పుడు పడవు. అందుకే వస్తువును చిన్న చిన్న ముక్కలుగా ఊహించి ఎక్కడెంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్‌తో కట్టే ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలు గట్టిగా నేర్చుకో; విమాన ఇంజిన్ల కంపెనీల్లోనూ ఆ పని ఉంటుందని నువ్వే అన్నావు. కానీ కంప్యూటర్ చూపించిన రంగుల బొమ్మను చూసి ఆగిపోకు. నమూనాను నీ చేతులతో విరిచి, విరిగిన ముఖాన్ని చూడు.

ఇంటికి ఏమీ పంపనక్కరలేదు. నేనింకా పనిలోనే ఉన్నాను. మీ అమ్మ కూడా సరేనంది, హాస్టల్ భోజనం గురించే ఆమె దిగులు.

ఈ ఉత్తరంతో పాటు వచ్చే పార్శిల్‌లో గోంగూర పచ్చడి సీసా పక్కన, పాత పంచెలో చుట్టి పిన్ను ముక్క పెట్టాను. తుప్పు పట్టకుండా నూనె రాశాను. ఇంటర్వ్యూలో అడిగితే చూపించు.

నాన్న