వార్డు సిబ్బందికి వారానికి ఒక గంట ఇవ్వండి: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. కర్మాగారాల నాణ్యతా విభాగాల్లో పనిచేసి పదవీ విరమణ పొందిన ఇంజనీరును నేను. మా అమ్మాయి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె వృత్తికీ నా వృత్తికీ మధ్య ఇంట్లో తరచు సాగే చర్చలోంచి పుట్టిన విన్నపం ఇది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాణ్యత పెంచడానికి కావలసిన పనిముట్లలో ఒకటైన క్వాలిటీ సర్కిల్ (తమ పనిలోని సమస్యను తామే పరిష్కరించుకునే సిబ్బంది చిన్న బృందం) మన నగరంలోనే నలభై ఏళ్లకు పైగా వాడుకలో ఉండి కూడా వార్డుల దాకా చేరలేదని నా అభిప్రాయం.

మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లు 1980లో హైదరాబాద్ శివారు రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారంలో మొదలయ్యాయి. జపాన్‌లో 1962 నుంచి నాణ్యతా నిపుణుడు కవోరు ఇషికావా ప్రోత్సాహంతో వ్యాపించిన ఈ పద్ధతిని ఇక్కడ నాటినవారు శ్రీ ఎస్.ఆర్. ఉడ్పా. 1982లో ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కేంద్ర కార్యాలయం సికింద్రాబాద్‌లోనే ఉంది. పద్ధతి చాలా సులువైనది. ఒకే సెక్షన్‌లో పనిచేసే ఆరేడుగురు డ్యూటీ సమయంలోనే వారానికి ఒక గంట కూర్చుంటారు. తమ పనికి రోజూ అడ్డుపడుతున్న సమస్య ఏదో తామే ఎంచుకుని, అది ఎన్నిసార్లు, ఎక్కడ, ఏ షిఫ్టులో వస్తోందో లెక్క రాసి, కారణాలను చేపముల్లు ఆకారంలో బొమ్మ గీసి విడదీసి, ఒక చిన్న మార్పు చేసి చూసి, ఫలితం బాగుంటే దాన్నే రోజువారీ పద్ధతిగా స్థిరపరుస్తారు. పై అధికారి వంతు వారికి ఆ గంట ఇవ్వడం, వారు అడిగిన చిన్న వస్తువును ఆలస్యం లేకుండా ఇప్పించడం.

ఆసుపత్రుల్లో నాణ్యత కోసం ఏమీ జరగడం లేదని నేను అనడం లేదు. జాతీయ నాణ్యతా ప్రమాణాలు (ఎన్‌క్వాస్), ఆసుపత్రుల పరిశుభ్రత కోసం 2015లో ప్రారంభమైన కాయకల్ప్, 2017లో లేబర్ రూములు, ప్రసూతి ఆపరేషన్ థియేటర్ల కోసం వచ్చిన లక్ష్య కార్యక్రమం, ఇవన్నీ మంచి పునాదులు. వాటి వల్ల ఆసుపత్రి ఆవరణలు శుభ్రపడ్డాయి, లేబర్ రూముల్లో కనీస సదుపాయాలు సమకూరాయి. అయితే ధ్రువీకరణకు 70 శాతం మార్కులు తెచ్చుకోవడమే లక్ష్యమైనప్పుడు, పరిశీలకుల బృందం వచ్చే ముందు కొన్ని వారాల పాటు సిబ్బంది శ్రమ అంతా రిజిస్టర్లు పూర్తి చేయడానికీ, గోడలకు పట్టికలు అంటించడానికీ పోతోంది. బృందం వెళ్లిన తరువాత ఆ పట్టికలను ఎవరూ చూడరు. పరీక్షించి మార్కులు వేయడం వల్ల ఆసుపత్రి ఆ రోజు ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది, కానీ రాత్రి డ్యూటీలో ఇద్దరు నర్సులు మాత్రమే ఉన్నప్పుడు వార్డులో పని ఎలా నడుస్తోందో తెలియదు.

రోజువారీ పనిలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. ఉదయం ఓపీలో చూపించుకున్న రోగికి డాక్టరు రక్తపరీక్ష రాస్తారు. రిపోర్టు చేతికి వచ్చేసరికి ఓపీ ముగిసిపోతుంది. మరునాడు మళ్లీ రావాలి. మహిళలకు ఇప్పుడు ఆర్టీసీ బస్సులో టికెట్ అక్కరలేకపోయినా, పోయిన కూలి తిరిగి రాదు. ఈ ఆలస్యానికి సాధారణంగా వచ్చే సమాధానం ల్యాబ్ టెక్నీషియన్లు చాలరని, కొత్త యంత్రం కావాలని. అది కొన్నిచోట్ల నిజమే. కానీ ఏదైనా అడిగే ముందు రోజుకు పదిమంది రోగుల చీటీల మీద నాలుగు సమయాలు రాయించాలి: డాక్టరు పరీక్ష రాసిన వేళ, రక్తం తీసిన వేళ, శాంపిల్ ల్యాబుకు చేరిన వేళ, రిపోర్టు సిద్ధమైన వేళ. యంత్రం మీద పట్టే సమయం కన్నా శాంపిళ్లు ట్రేలో పోగుపడి ఎదురుచూసే సమయమే ఎక్కువని తేలడం మా కర్మాగారాల్లో నేను పదేపదే చూసిన సంగతి; ఆసుపత్రి ల్యాబుల్లోనూ అదే తేలితే నాకు ఆశ్చర్యం ఉండదు. అలా తేలితే, గంటలకొద్దీ ఆగి ఒకేసారి పంపే బదులు అరగంటకోసారి పంపి చూడాలి. అదీ ఆసుపత్రి అంతటా ఒకేసారి అమలు చేయకూడదు. ఒక ఓపీ గదిలో, ఒక్క పూట చేసి చూస్తే చాలు. పనిచేస్తే మరునాడు రెండు గదుల్లో చేయాలి, పనిచేయకపోతే ఎందుకు చేయలేదో రాసుకుని మరో మార్పు ప్రయత్నించాలి. ఆలోచన, ఆచరణ, పరిశీలన, సవరణ అనే ఈ చక్రం అమెరికా నాణ్యతా నిపుణుడు డెమింగ్ పేరుతో లోకానికి తెలిసింది.

ఫలితాన్ని గ్రాఫు కాగితం మీద రోజుకొక చుక్కగా పెట్టాలి. మధ్యగతం (అంకెలను వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ ఉండేది) వద్ద ఒక గీత గీస్తే, ఆ గీతకు ఒకే వైపున వరుసగా ఆరు చుక్కలు పడినప్పుడు నిజంగా మార్పు వచ్చిందని నమ్మవచ్చు. దీనికి కంప్యూటర్ అక్కరలేదు, పదో తరగతి లెక్కలు చాలు.

మంత్రివర్యా, నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించే విషయం సమీక్షలకు సంబంధించినది. ఏ పనిలోనైనా, ఎంత బాగా నడుస్తున్నా, నెలనెలా అంకె కొంత పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది. ఆ సహజమైన కదలిక ఏదో, ప్రత్యేక కారణంతో వచ్చిన మార్పు ఏదో విడదీయడానికే అమెరికా ఇంజనీరు వాల్టర్ షూహార్ట్ 1924లో కంట్రోల్ చార్టును (సహజమైన కదలికకు పై, కింది హద్దులు గీసి చూపే గ్రాఫును) రూపొందించారు. ఈ తేడా గమనించకుండా ఒక నెల అంకె చెడితే మెమో ఇచ్చి, మరుసటి నెల మెరుగుపడితే శాలువా కప్పితే, రెండూ చాలావరకు యాదృచ్ఛికానికే దక్కుతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఒకటుంది. మెమోకు భయపడిన వ్యవస్థలో ముందుగా మారేది పని కాదు, లెక్క. సిజేరియన్ తరువాత కుట్లకు చీము పట్టిన బాలింతల సంఖ్యను ఒక ఆసుపత్రి నిజాయితీగా రాయడం మొదలుపెడితే, మొదటి నెలల్లో ఆ అంకె పెరుగుతుంది, ఎందుకంటే అంతవరకు లెక్కలోకి రానివి ఇప్పుడు వస్తున్నాయి. అలా రాసిన నర్సుకు శిక్ష పడితే, ఆ జిల్లాలో మరెవరూ మళ్లీ రాయరు.

తప్పును ఆపించే అధికారం నర్సు చేతికి వస్తే ఏమవుతుందో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కనిపించింది. అక్కడ దాదాపు వంద ఐసీయూల్లో, పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టేటప్పుడు పాటించవలసిన ఐదు జాగ్రత్తల జాబితా ప్రవేశపెట్టారు. వైద్యుడు ఒక జాగ్రత్త మరచిపోతే నర్సు ఆ పని ఆపించవచ్చని ముందే నిర్ణయించారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏడాదిన్నరలో అక్కడి ఇన్ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయి. చేతులు కడుక్కోవడం వంటి ఆ ఐదు జాగ్రత్తల్లో వైద్యులకు తెలియనిది ఏదీ లేదు. వాటిని పాటించకపోతే ఆపించే హక్కు నర్సుకు రావడమే అక్కడ కొత్త.

మన రాష్ట్రంలో ఈ పద్ధతులు అత్యవసరంగా కావలసిన చోటు కూడా ప్రసూతి విభాగమే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, దేశ సగటు 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల వాటా ఇందులో ఎక్కువే అయినా, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ 44.5 శాతం నమోదైంది. ఒకే మొత్తం అంకె పెట్టి సిజేరియన్లు తగ్గించమని ఆదేశిస్తే నిజంగా ఆపరేషన్ అవసరమైన తల్లికి ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసిన రాబ్సన్ పద్ధతిలో గర్భిణులను పది వర్గాలుగా విడదీసి చూస్తే, తొలికాన్పు స్త్రీలలో ఎంతమందికి ఆపరేషన్ జరుగుతోందో, ఏ కారణం రాసి జరుగుతోందో ప్రతి లేబర్ రూమ్ తన గోడ మీదే చూసుకోగలదు. సహజ కాన్పులు చేయించడంలో మన రాష్ట్రం శిక్షణ ఇచ్చిన మిడ్‌వైఫరీ నర్సులు లేబర్ రూమ్ బృందానికి నాయకత్వం వహించగలరని నేను నమ్ముతున్నాను.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. క్వాలిటీ సర్కిళ్లు అన్నిచోట్లా నిలవలేదు. పోటీలకు, బహుమతులకు, స్లైడ్లకు ప్రాధాన్యం పెరిగిన కర్మాగారాల్లో అవి క్రమంగా పేరుకే మిగిలాయి. అందువల్ల ఆసుపత్రుల్లో దీన్ని మరో పథకంగా, మరో లోగోతో ప్రారంభించవద్దని మనవి. కొత్త రిజిస్టరు ఒక్కటీ పెట్టకండి. వీలైతే ఉన్నవాటిలో ఎవరూ చదవని రెండింటిని తీసేయండి. వారంలో ఒక గంటను డ్యూటీ రోస్టరులోనే చూపించండి, లేకపోతే అది సిబ్బంది విశ్రాంతిలోంచి పోతుంది. ట్రాలీ చక్రం, గోడ గడియారం, సబ్బు వంటి చిన్న కొనుగోళ్లకు ఆసుపత్రి అభివృద్ధి నిధిలోంచి కొంత మొత్తాన్ని హెడ్ నర్సు సంతకంతోనే ఖర్చు చేసే వెసులుబాటు ఇవ్వండి. బృందం ఏర్పడిన ఏడాది లోపల అందులోని వారిని బదిలీ చేయకుండా చూడండి. శిక్షణకు పాఠాలు వెతకనవసరం లేదు: ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి రూపొందించిన పీఓసీక్యూఐ (వైద్యం అందే చోటే నాణ్యత పెంచుకోవడం) అనే నాలుగు మెట్ల శిక్షణ సిద్ధంగా ఉంది, దాన్ని తెలుగులో, వార్డు మధ్యలోనే నేర్పించాలి. తాము లెక్కించి బయటపెట్టిన లోపాల మీద మొదటి ఏడాది ఎవరిపైనా శాఖాపరమైన చర్య ఉండదని మీ సంతకంతో ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఇది లేకుండా పైన చెప్పినవేవీ పనిచేయవు.

ముందుగా కొన్ని ఏరియా ఆసుపత్రుల ల్యాబులను, లేబర్ రూములను ఎంచుకోండి. ఆరు నెలల తరువాత ఆ బృందాలను మీ సమీక్షకు పిలిపించి, సూపరింటెండెంటు గారి ద్వారా కాకుండా, చార్టు మీద చుక్కలు పెట్టిన నర్సు, టెక్నీషియన్ నోటనే వివరణ వినవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత నాణ్యతా ఇంజనీరు,
హైదరాబాద్