మీరు ‘పరిష్కారమైంది’ అని మూసేసిన నా కేసు గురించి

నేపర్‌విల్, ఇల్లినాయ్
26 మార్చి 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీరు పంపిన తప్పు జెర్సీ గురించి మీకు ఇంగ్లీషులో ఆరుసార్లు రాశాను. ఆరుసార్లూ ఒకటే జవాబు. నా అభిప్రాయం మీకెంతో విలువైనదట, రెండు పనిదినాల్లో ఫోన్ చేస్తారట. మీ కాల్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందని ఫిబ్రవరిలో తెలిసింది, అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. అక్కడ ఒక్కరైనా చివరిదాకా చదవకపోతారా అని ఆశ.

జెర్సీ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నవంబర్ 29న, బ్లాక్ ఫ్రైడే నాడు, మా అబ్బాయికి చికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు జెర్సీ ఆర్డర్ పెట్టాను. వెనకాల ఆ జట్టు పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, గ్యారెట్ క్రోషే పేరు, 45 నంబరు. డిసెంబర్ 6న వచ్చింది. పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. పైగా నేను వైట్ సాక్స్ అభిమానిని, పొరపాట్లు నాకు కొత్త కాదు.

కొత్త కాదని ఎందుకన్నానో మీకు తెలియాలి. పోయిన సీజన్‌లో మా జట్టు 162 ఆటలాడి 121 ఓడిపోయింది. 1900 తర్వాత ఇన్ని ఓటములు ఏ జట్టుకూ లేవు. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడితే అరవై ఏళ్ళకు పైగా జనం దాన్ని చెప్పుకుని నవ్వారు, మావాళ్ళు దాన్ని కూడా దాటేశారు. మధ్యలో వరసగా 21 ఓడారు. సెప్టెంబర్ 24న మా అబ్బాయిని తీసుకుని 35వ వీధి స్టేడియానికి వెళ్ళాను. అప్పటికి 120 ఓటములు. 121వది కళ్ళారా చూద్దామని వచ్చినవాళ్ళు చుట్టూ చాలామందే ఉన్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగులు చేసి ఆ రోజు గెలిచేశారు! ఓడిపోవడం కూడా అనుకున్న రోజున చేతకాని జట్టు. ఆ జట్టులో చూడదగ్గవాడు క్రోషే ఒక్కడే. 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రయికౌట్ చేశాడు, అంటే తన బంతులతోనే ఔట్ చేశాడు. అయినా అతని లెక్కలో 6 గెలుపులు, 12 ఓటములు, ఎందుకంటే వెనకాల ఉన్నది మావాళ్ళు.

ఇక మీ సంగతికి వస్తాను.

డిసెంబర్ 7న మొదటి ఫోన్. 38 నిమిషాలు పాట విన్నాను. తర్వాత ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, పది రోజుల్లో సరైన జెర్సీ పంపిస్తామంది. మా వాడి పుట్టినరోజు డిసెంబర్ 20 అని చెప్పాను. ‘అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే’ అంది. మీ కంపెనీ నుంచి ఇంతవరకూ నాకు అందినది అదొక్కటే.

డిసెంబర్ 11న క్రోషేని బోస్టన్ రెడ్ సాక్స్‌కి ఇచ్చేశారు. బదులుగా నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. కైల్ టీల్ అనే క్యాచర్, బ్రేడెన్ మాంట్‌గోమరీ, చేజ్ మైడ్రాత్, వికెల్‌మన్ గొంజాలెజ్. నలుగురిలో ఒక్కడు కూడా అప్పటికి మేజర్ లీగ్‌లో, అంటే పైస్థాయిలో, ఒక్క ఆటైనా ఆడలేదు. మా వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు మాత్రం జట్టు జనరల్ మేనేజర్ క్రిస్ గెట్జ్ మీద కోపం రాలేదు. ఇల్లు కాలిపోయినవాడు ఉన్న ఒక్క నగా అమ్మి విత్తనాలు కొనుక్కున్నట్టు, తప్పదు మరి. దానికి ఒక రోజు ముందే డ్రాఫ్ట్ లాటరీ జరిగింది, కొత్త కుర్రాళ్ళని ఏ జట్టు ముందు ఎంచుకోవాలో తేల్చేది. అంత ఘోరంగా ఓడిన జట్టుకి మొదటి ఎంపిక వస్తుందనుకుంటారు కదా? రాదు. వరసగా రెండేళ్ళు లాటరీలోకి రాకూడదన్న నిబంధన పెద్ద నగరాల జట్లకు ఉందట, మాకు పదో స్థానం ఇచ్చారు. నిబంధనలంటే ఇలాగే ఉంటాయని అప్పుడు సరిపెట్టుకున్నాను. మీ నిబంధనలు అప్పటికి ఇంకా తెలియవు.

డిసెంబర్ 13న రెండో ఫోన్. ఈసారి ఒకబ్బాయి. మొదటి అమ్మాయి నా ఫిర్యాదు రాసుకోనే లేదట. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ‘క్రోషే పిచ్చర్’ అన్నాను. అతనికి ‘పిక్చర్’ అని వినబడింది. ఫొటో పెట్టమని లింకు పంపాడు. నా ఉచ్చారణ తప్పే అయ్యుండొచ్చు, ఇరవై ఏళ్ళైనా గుంటూరు వదల్లేదని మా ఆవిడ అంటుంది. ఫొటో పెట్టాను. ఫైలు పెద్దదైందని తిరిగొచ్చింది. చిన్నది పెట్టాను. స్పష్టంగా లేదని తిరిగొచ్చింది.

మూడో ఫోన్‌లో ‘ఆ ఆటగాడి జెర్సీ ఇప్పుడు మా దగ్గర లేదు సార్’ అన్నారు. నాలుగో ఫోన్‌లో ఉంది అన్నారు. ఐదోసారి, ఎస్కలేషన్ విభాగానికి కలుపుతున్నానని చెప్పి, నన్ను మొదటి మెనూకే కలిపారు. ఎక్కే గుమ్మం, దిగే గుమ్మం. పుట్టినరోజు నాడు మా వాడు అక్షరం లేని జెర్సీయే వేసుకుని కేకు కోశాడు. ఎవరో అంకుల్ ‘ఇదెవరు కొత్త ప్లేయరా?’ అని అడిగాడు కూడా.

జనవరి 9న పార్సిల్ వచ్చింది. విప్పాను. పేరులో అక్షరాలన్నీ ఉన్నాయి, కుట్టు కూడా బాగుంది. కానీ అది రెడ్ సాక్స్ జెర్సీ. నంబరు 35.

మేనేజర్ గారూ, ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఏ ఊరికైతే మా వాడి హీరోని అమ్మేశారో, ఆ ఊరి బట్టలు ఇంటికి పంపించారు. ‘ఆటగాడు అదే కదా సార్?’ అన్నాడు మీ ఏజెంట్. మా వాడు మూసిన తలుపు అవతల నుంచి విన్నాడు. చిరంజీవి అభిమాని ఇంటికి బాలకృష్ణ కటౌట్ పంపి ‘ఇద్దరూ హీరోలే కదా’ అంటే ఎలా ఉంటుందో మీ హైదరాబాద్ ఆఫీసులో అడిగి చూడండి.

ఫిబ్రవరిలో ఎనిమిదో ఫోన్ ఎత్తిన కుర్రాడు నా పేరు చూసి, గొంతు తగ్గించి, ‘సార్, మీరు తెలుగా?’ అన్నాడు. మీ కాల్ సెంటర్ ఎక్కడుందో అలా తెలిసింది. సిస్టమ్‌లో నా కేసు ‘పరిష్కారమైంది’ అని ఉందని, తిరిగి తెరిచే అధికారం తనకి లేదని నిజం చెప్పాడు. ఆ తర్వాత ‘రెడ్ సాక్స్, వైట్ సాక్స్ వేరువేరా సార్?’ అని అడిగాడు. ఇరవై నిమిషాలు ఓపిగ్గా చెప్పాను, ఓపిగ్గా విన్నాడు. అతన్ని ఏమీ అనకండి. మూడు నెలల్లో నా మాట విన్న ఒకే ఒక్క మనిషి. ఫోన్ పెట్టేశాక నాకు సర్వే వచ్చింది. అతనికి పదికి పది ఇచ్చాను. కంపెనీకి ఎంత ఇస్తారని ఇంకో ప్రశ్న. సున్నా నొక్కుదామంటే మీ సర్వే ఒకటి నుంచే మొదలవుతుంది.

నేను నిన్న మొన్నటి కస్టమర్‌ని కాదు. 2004లో ఈ దేశం వచ్చాను. మరుసటి ఏడాది ఆఫీసులో ఒక పెద్దాయన టికెట్టు ఇస్తే, క్రికెట్ తప్ప ఏమీ తెలియని నేను మొదటిసారి బేస్‌బాల్ చూశాను. ఆ సంవత్సరమే వైట్ సాక్స్ 88 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది, హ్యూస్టన్ మీద 4-0. ఈ జట్టు ఎప్పుడూ ఇలాగే గెలుస్తుంది కాబోలు అనుకున్నాను. ఆ అక్టోబర్‌లోనే మీ దగ్గర మొదటి టోపీ కొన్నాను. జట్టునీ మార్చలేదు, కొట్టునీ మార్చలేదు. ఇప్పుడు రెండింటికీ కలిపి మా ఆవిడ నన్ను ఒకే మాట అంటోంది. ఆ మాట ఇక్కడ రాయను.

ఒక్క తేడా మాత్రం ఉంది. మా జట్టు ఓడిపోయినా ఏదో ఒకటి చేస్తోంది. 21 ఓటముల తర్వాత జట్టు మేనేజర్‌ని, అంటే కోచ్‌లాంటివాణ్ణి, తీసేశారు. నవంబర్‌లో అతని స్థానంలో విల్ వెనబుల్‌ని తెచ్చుకున్నారు. వేరే జట్ల కింది స్థాయి ఆటగాళ్ళని తీసుకునే రూల్ 5 డ్రాఫ్ట్‌లో మిల్వాకీ నుంచి షేన్ స్మిత్ అనే పిచ్చర్‌ని పట్టుకున్నారు. మార్టిన్ పెరెజ్‌ని 50 లక్షల డాలర్లకి, జాష్ రోహాస్‌ని అంతకన్నా తక్కువకి తీసుకున్నారు. మైక్ టాక్‌మన్ అయితే మన పక్కనున్న పాలటైన్ కుర్రాడే, కుర్రాడంటే 34 ఏళ్ళు. గొప్ప పేర్లు కావు, నాకూ తెలుసు. సీజన్‌కి ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌లోనే రోహాస్ కాలి వేలు విరిగింది, పిచ్చర్ డ్రూ థోర్ప్ మోచేతికి ఆపరేషన్ అవసరమైంది. ఈసారి వంద కన్నా తక్కువ ఓడితే నేను గుడిలో కొబ్బరికాయ కొడతాను. అయినా వాళ్ళు కదులుతున్నారు. ఆ 21 ఓటముల వరస కూడా ఆగస్టు 6న ఓక్లండ్‌లో తెగింది. మీతో నా లెక్క మాత్రం పదకొండు ఫోన్లు, పదకొండు ఓటములు.

కార్డు కంపెనీకి చెప్పి డబ్బు వెనక్కి తెప్పించుకోగలను. ఇల్లినాయ్ అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే విభాగం ఉంది, ఫారం ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఆదివారం అరోరా బాలాజీ గుడి పార్కింగులో పులిహోర తింటూ నేను చెప్పబోయే కథ ఇదే. మా పిల్లల క్రికెట్ జట్టుకి ఈ ఏప్రిల్‌లో ముప్ఫై జెర్సీలు కావాలి, ఎక్కడ కొనాలో నిర్ణయించేది నేనే. అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంతకీ ఏం కావాలంటారా? మొన్న మా వాడినే అడిగాను, ఎవరి పేరు వేయించమంటావని. కైల్ టీల్ అన్నాడు. అతను ఇంకా కింది స్థాయి మైనర్ లీగ్‌లోనే ఉన్నాడు కదరా అన్నాను. ‘మరి ఉన్నవాళ్ళ పేరు వేయిస్తే అమ్మేస్తారు కదా నాన్నా’ అన్నాడు. కాబట్టి పేరు లేకుండా, నంబరు లేకుండా, ఉత్త వైట్ సాక్స్ జెర్సీ పంపండి. పేరే లేకపోతే అక్షరం తప్పే అవకాశమూ మీకుండదు. దానికన్నా ముందు, మీలో ఎవరైనా ఒక మనిషి, మెషీన్ కాదు, నాకు ఫోన్ చేసి ‘అవునండీ, మావల్లే తప్పు జరిగింది’ అనండి.

ఇట్లు,
2005 నుంచి మీ కస్టమర్

తా.క. రేపు ఓపెనింగ్ డే, కొత్త సీజన్ మొదటి రోజు, మధ్యాహ్నం ఏంజెల్స్‌తో మా ఊళ్ళోనే ఆట. మూడు నెలలుగా మీ ఫోన్ కోసం చూస్తున్నమాట నిజమే కానీ, దయచేసి రేపు మధ్యాహ్నం మాత్రం చేయకండి. ఎత్తను.