ఈసారి చివరి మూడు రాత్రులు పారిస్‌లో కాదు, హార్లెమ్‌లో

మన యూరప్ గ్రూపుకి అడ్వాన్సు కట్టినవాళ్లకీ, కట్టాలా వద్దా అని ఇంకా ఇంట్లో మాట్లాడుకుంటున్నవాళ్లకీ నమస్కారం. కొత్త రూటు కాగితం పంపిన దగ్గర్నుంచి గుంటూరు బ్రాడీపేటలోని మన ఆఫీసుకి వస్తున్న ఫోన్లలో ఒకటే ప్రశ్న. ఎప్పుడూ చివర్లో ఉండే పారిస్‌ని మొదటికి ఎందుకు తెచ్చారు, చివరి మూడు రాత్రులు పెట్టిన ఆ హార్లెమ్ అనే ఊరు ఎక్కడుంది అని. ఒక మాస్టారు ఇంకాస్త సూటిగా అడిగారు: "అక్కడ హోటల్ చౌకగా దొరికిందా ఏమిటి?"

చౌక కాదండీ. పారిస్ శివార్లలో గ్రూపులకి ఇచ్చే హోటళ్ల కంటే ఎక్కువే పడింది. మొత్తం మీద మనిషికి 14 వేలు పెరిగింది. సగం నేను భరిస్తున్నాను, సగం మీ మీద పడుతుంది. ఆ సగానికి బదులు మీకు ఏం వస్తుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పారిస్ చివర్లో ఉండాలన్నది కస్టమర్ల కోరికే. పెద్ద ఊరు, పేరున్న ఊరు, ఈఫిల్ టవర్ దగ్గర ఫొటో దిగి విమానం ఎక్కితే ఆ మజాయే వేరు అంటారు. కానీ మన విస్తట్లో స్వీటు మొదట వడ్డిస్తారు, చివర పెరుగన్నం. మూడు వారాల ట్రిప్పుకి కూడా అదే సరైన వరస అని నా గట్టి నమ్మకం. మొదటి వారంలో ఎన్ని మెట్లు ఎక్కమన్నా ఎక్కుతారు, ఎంతసేపు క్యూలో నిలబడమన్నా నిలబడతారు. మూడో వారానికి వచ్చేసరికి మోకాళ్లు పట్టేస్తాయి, సూట్‌కేసు జిప్పు పడదు, ఆడవాళ్లు ఇంటికి ఫోన్ చేసి పనమ్మాయి వస్తోందా లేదా అని కనుక్కోవడం మొదలవుతుంది. ఈఫిల్ కింద బస్సు ఆగితే "మీరు వెళ్లి రండి, మేం ఇక్కడే కూర్చుంటాం" అన్నవాళ్లని నేను చాలామందిని చూశాను. అంత డబ్బు పోసి వచ్చి, బస్సు సీట్లో కూర్చుని పారిస్‌ని చూడటం ఏం బాగుంటుంది?

అందుకే ఈసారి పారిస్‌తో మొదలు. అక్కణ్నుంచి స్విట్జర్లాండ్, ఇటలీ, ఇన్స్‌బ్రుక్, మ్యూనిక్, కొలోన్ మీదుగా పైకి వచ్చి హార్లెమ్‌లో ఆగుతాం. హార్లెమ్ ఉన్నది నెదర్లాండ్స్‌లో. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో పావుగంట, ఇరవై నిమిషాల దారి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హైదరాబాద్‌కి 2025 సెప్టెంబర్ నుంచి కేఎల్‌ఎం నేరుగా విమానం నడుపుతోంది. వెళ్లేటప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో మారి పారిస్‌కి, వచ్చేటప్పుడు అక్కణ్నుంచి నేరుగా ఇంటికి. అంతా ఒకే టికెట్టు. చవగ్గా వస్తుందని చివరి రోజు వేరే విమానం విడిగా కొనుక్కుని ఆమ్‌స్టర్‌డామ్ చేరతామని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది వద్దు. విడి టికెట్ల మీద మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ రెండో కంపెనీకి మనతో సంబంధం ఉండదు, కొత్త టికెట్టు మన జేబులోంచే.

ఇంకో మాట కూడా తరచూ వింటుంటాను: "రాత్రికి రాత్రి బస్సు వేసేయండి, ఒక హోటల్ ఖర్చు కలిసొస్తుంది." మన దగ్గర ప్రైవేటు బస్సులు నడిచినట్టు అక్కడ నడవదు. యూరప్ చట్టం ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలి. మామూలుగా రోజుకి 9 గంటలకి మించి నడపకూడదు. బండిలో ఉన్న మీటరు అంతా రాసుకుంటుంది. మనం బతిమాలితే కరిగే విషయం కాదు. అందుకే చివరి బస్సు ప్రయాణం కొలోన్ నుంచి హార్లెమ్‌కి, మూడు నాలుగు గంటల్లో అయ్యేలా పెట్టాను. ఆ తర్వాత విమానం ఎక్కేదాకా బస్సూ లేదు, హోటల్ మారడమూ లేదు. ఒకసారి సూట్‌కేసు విప్పితే మళ్లీ మూసేది ఇంటికి బయల్దేరేటప్పుడే.

ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఎందుకు ఉండకూడదు అంటే, అక్కడ గది అద్దె మీద ఊరి టూరిస్ట్ పన్నే 12.5 శాతం. దానికి తోడు 2026 జనవరి 1 నుంచి నెదర్లాండ్స్ అంతటా హోటల్ గదుల మీద వ్యాట్ 9 నుంచి 21 శాతానికి పెంచారు. వ్యాట్ హార్లెమ్‌లోనూ తప్పదు, ఆ పెరిగిన 14 వేలలో కొంత అక్కడికే పోతోంది. పైగా ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున రాత్రిపూట తాగి తిరిగే కుర్రాళ్ల గోల ఎక్కువ. డెబ్బై ఏళ్లవాళ్లని తీసుకెళ్లి ఆ సందుల్లో పడుకోబెట్టలేను.

హార్లెమ్‌కి చేరిన సాయంత్రం ఏ కార్యక్రమమూ లేదు. మనం వెళ్లే వేసవి రోజుల్లో అక్కడ సూర్యుడు రాత్రి పదింటికి గానీ అస్తమించడు కాబట్టి, భోంచేసి స్పార్నె నది ఒడ్డున అడ్రియాన్ గాలిమర దాకా నడిచి రావచ్చు. 1779 నాటి మర అది. 1932లో తగలబడిపోతే అదే రూపంలో 2002లో మళ్లీ కట్టారు. మర్నాడు ఆమ్‌స్టర్‌డామ్. కాలవల్లో పడవ, మ్యూజియం, సాయంత్రానికి వెనక్కి. ఆ కాలవల వలయాన్ని 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. (మన పక్క బెజవాడలోనూ మూడు కాలవలున్నాయి, వాటి సంగతి ఇప్పుడెందుకు.)

మూడో రోజు మీ ఇష్టం. ఆ రోజు కోసమే ఈ ఊరు ఎంచుకున్నాను. సముద్రం చూడాలనుకుంటే జాండ్‌వోర్ట్ బీచ్ రైల్లో పది నిమిషాలు. మన గ్రూపులో చర్చివాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి కోరీ టెన్ బూమ్ పేరు నేను పరిచయం చెయ్యక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె కుటుంబం యూదుల్ని దాచిన ఇల్లు, కింద గడియారాల కొట్టు, హార్లెమ్ బజార్లోనే ఉంది. 1944 ఫిబ్రవరి 28న వాళ్లని అరెస్టు చేసింది కూడా అక్కడే. చిన్న ఇల్లు, ఒక్కోసారి కొద్దిమందినే లోపలికి పంపుతారు, కాబట్టి ముందే బుక్ చెయ్యాలి.

తెనాలి, రేపల్లె వైపు నుంచి వస్తున్న రైతులకి మాత్రం నా ఓటు క్రూకియుస్ పంపింగ్ స్టేషన్‌కి. ఊరికి దగ్గర్లోనే, బస్సులో వెళ్లిరావచ్చు. హార్లెమ్ పక్కన ఒకప్పుడు పెద్ద సరస్సు ఉండేది. గాలి లేచినప్పుడల్లా గట్లు కోసుకుపోయి పొలాల్ని మింగేది. ఆవిరి పంపులు మూడు పెట్టి 1849 నుంచి 1852 దాకా తోడి ఆ సరస్సుని ఎండబెట్టేశారు. వాటిలో ఒకటి ఈ క్రూకియుస్. దాని ఇంజిను సిలిండరు వ్యాసమే 12 అడుగులు. డ్రెయిన్లు పూడిపోయి చేలో నీళ్లు నిలిస్తే ఎలా ఉంటుందో తెలిసినవాడికి ఆ యంత్రం ముందు నిలబడితే కాళ్లు కదలవు. ఆ ఎండబెట్టిన సరస్సు అడుగునే ఇవాళ ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ల స్కిపోల్ ఎయిర్‌పోర్టు ఉంది, సముద్ర మట్టానికి మూడు మీటర్లకు పైగా కింద. మనం ఇంటికి ఎక్కే విమానం లేచేది ఆ నేల మీంచే. పారిస్ దగ్గరి డిస్నీలాండ్ తీసేశానని బాధపడుతున్నవాళ్లు నన్ను తిట్టుకోండి గానీ, దీన్ని చూశాక తిట్టండి.

ట్యూలిప్ తోటలు మాత్రం ఉండవు, ముందే చెబుతున్నాను. కొకెన్‌హాఫ్ తోట మే మధ్యలోనే మూసేస్తారు. మన గ్రూపులో సగం మంది మిర్చి వ్యాపారులు. మిర్చి యార్డుకి వేసవి సెలవులు ఇచ్చి, మిగిలిన టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీకి చేరాక గానీ వాళ్లు కదలరు. పూల కోసం ఏప్రిల్‌లో పెడితే నాతో ఎవరూ రారు.

భోజనం గురించి టెన్షన్ పడకండి. నెదర్లాండ్స్‌లో, దక్షిణ అమెరికాలో ఒకప్పుడు వాళ్ల వలసగా ఉన్న సురినామ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది. వాళ్లలో ఒక వర్గం పూర్వీకులు 1873 నుంచి కలకత్తా ఓడల్లో కూలీలుగా సురినామ్ వెళ్లిన మనవాళ్లే. వాళ్ల హోటళ్లలో రొట్టె, బంగాళదుంప కూర, పొడుగు బొబ్బర్ల కాయల వేపుడు, ఉడికించిన గుడ్డు పెడతారు. మసాలా మనకి తెలిసినదే. పక్కన చిన్న గిన్నెలో పసుపు రంగులో ఒక కారం ఇస్తారు, మేడమ్ జనెట్ అనే మిరపకాయతో చేసింది. గుంటూరు వాళ్లం, మాకేంటి అనుకుని చెంచా నిండా వేసుకోవద్దు. అది బాగా ఘాటైన హబనేరో జాతికి దగ్గరిది, మన 334 రకం మిర్చి దాని ముందు చిన్నపిల్ల.

నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ఇల్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది, అది చూడాలనుకునేవాళ్లు ఇప్పుడే చెప్పాలి. టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే, ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి తేదీలకి వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. అక్కడికెళ్లాక అడిగితే నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక షాపింగ్. కొన్న వస్తువు మీద పన్ను వెనక్కి రావాలంటే బిల్లుతో పాటు దుకాణంలో ఫారం అడగాలి, పాస్‌పోర్టు చూపించాలి. ఈ పరిమితి దేశానికొకటి: ఇటలీలో 70 యూరోలు దాటాలి, ఫ్రాన్స్‌లో 100 దాటాలి, నెదర్లాండ్స్‌లో 50 చాలు. ఈ దేశాల ఫారాలన్నీ యూరోపియన్ యూనియన్ వదిలే చోట, అంటే మనకి స్కిపోల్‌లో, కస్టమ్స్‌కి చూపించాలి. వస్తువు కూడా చూపించమంటారు కాబట్టి సూట్‌కేసు చెకిన్‌లో వేసేముందే ఆ పని అవ్వాలి. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు. లూసర్న్‌లో కొన్న గడియారం ఫారం మీద ముద్ర స్విస్ సరిహద్దు దాటేటప్పుడే పడాలి. బస్సులో నిద్రపోతున్నా సరే, నేను లేపుతాను.

చిల్లర యూరోలు జర్మనీలోనే ఖర్చు పెట్టేయండి. నెదర్లాండ్స్ బస్సుల్లో నగదు తీసుకోరు, చాలా కొట్లలోనూ కార్డే. చాలావరకు మీ ఫోరెక్స్ కార్డునే బస్సులో, రైల్లో ట్యాప్ చేస్తే సరిపోతుంది. మిగిలిన నోట్లు ఇంటికి తెచ్చుకోవచ్చు. 2,000 డాలర్ల విలువ దాకా దాచుకోవడానికి రిజర్వ్ బ్యాంకు ఒప్పుకుంటుంది, ఆపైన ఉన్నది 180 రోజుల్లో మార్చేయాలి. నాణేలు మాత్రం ఇక్కడ ఎవరూ మార్చరు.

ఎయిర్‌పోర్టుకి నాలుగు గంటల ముందే వెళ్తాం, ఎవరెంత గొణిగినా. 2025 అక్టోబర్ 12 నుంచి షెంజెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లో) పాస్‌పోర్టు మీద ముద్ర బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. అక్కడ లైను ఎంత ఉంటుందో ఏ రోజుకి ఆ రోజే తెలుస్తుంది. అన్నట్టు వీసా రోజుల లెక్కలో దిగిన రోజు, వదిలిన రోజు రెండూ కలుస్తాయి. ఎక్కువ రాత్రులు ఇటలీలో కాబట్టి దరఖాస్తు ఇటలీకే పెడుతున్నాం. చివరి మూడు రాత్రులు మార్చినా ఆ లెక్క మారలేదు.

శంషాబాద్‌లో దిగాక ఒక రాత్రి అక్కడే హోటల్. ఇది కూడా కొత్తే, కొందరికి నచ్చలేదు. "అంత దూరం తిరిగొచ్చి, ఇంటికి అయిదారు గంటల దూరంలో ఆగడమేంటి?" అన్నారు. ఆ నిద్రమత్తులో, డ్రైవరు కూడా మీకోసం రాత్రంతా ఎదురుచూసి ఉన్నప్పుడు, నార్కెట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా లారీల మధ్య ప్రయాణం నాకు ఇష్టం లేదు. హైదరాబాద్‌లో పిల్లలున్నవాళ్లు వాళ్లింటికి వెళ్లిపోవచ్చు, ఆ గది డబ్బు తగ్గిస్తాను. రాత్రే గుంటూరు వెళ్లిపోతాం అంటే మాత్రం బండి నేను ఏర్పాటు చెయ్యను.

ఈ మార్పు వద్దనుకున్నవాళ్లకి అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను, ఏమీ పట్టుకోను. వీసా దరఖాస్తు వెళ్లేలోపు చెప్పాలి, ఆ తర్వాత వీసా ఫీజు నా చేతిలో ఉండదు. ఉంటామన్నవాళ్లు పాస్‌పోర్టు ఒకసారి తీసి చూసుకోండి. ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి. మూడో రోజు బీచ్‌కా, కోరీ ఇంటికా, పంపింగ్ స్టేషన్‌కా అన్నది మీ పేరు పక్కన రాసి, పాస్‌పోర్టు జిరాక్సుతో ఆఫీసులో ఇవ్వండి. ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది.