ఫ్యూజులు జేబులో వేసుకున్న పెద్దాయన: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక, ఉపాధి, శిక్షణ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. నేను ఎలక్ట్రీషియన్‌ని. ఐటీఐలో రెండేళ్లు చదివి, హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్యాక్టరీలో ఏడాది అప్రెంటిస్‌గా చేశాను. అప్పటి నుంచి ముప్పై ఏళ్లుగా ఈ పనే. మీకే ఎందుకు రాస్తున్నానంటే, కార్మిక సంఘాల ఫైలూ, ఐటీఐల ఫైలూ, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఫైలూ మీ బల్ల మీదికే వస్తాయి. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడమని అడగడానికే ఈ లేఖ.

ముందు నా సంగతి చెప్తాను. ఫ్యాక్టరీలో మొదటి నాలుగు నెలలు నాతో స్టోరులో సామాను లెక్కపెట్టించారు. మధ్యాహ్నాలు టీ మోశాను. యూనియన్ కమిటీలో ఒక సీనియర్ ఎలక్ట్రీషియన్ ఉండేవారు, అందరం పెద్దాయన అనేవాళ్లం. ఒకరోజు క్యాంటీన్ దగ్గర ఆపి, "ఏం నేర్చుకున్నావురా ఇన్నాళ్లూ?" అన్నారు. చెప్పడానికేమీ లేక తల దించుకున్నాను. నన్ను వెంటబెట్టుకుని, సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసుకు వెళ్లి, "ఈ పిల్లాడి ట్రైనింగ్ కాగితం ఒకసారి తియ్యండి సార్" అన్నారు. కాగితం ఉంది! మోటార్ వైండింగ్, ప్యానెల్ వైరింగ్, కేబుల్ జాయింటింగ్, అన్నీ అందులో రాసే ఉన్నాయి. అడిగినవాళ్లే లేరు. మర్నాటి నుంచి నేను మెయింటెనెన్స్‌లో పెద్దాయన వెనకాల ఉన్నాను.

మోటార్ విప్పేముందు ఆయన స్విచ్ ఆపి ఊరుకునేవారు కాదు. మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకునేవారు. "బోర్డుకి అట్ట తగిలిస్తే చదవనివాడు ఒకడుంటాడురా. నా జేబులో ఉంటే ఎవడూ వెయ్యలేడు." తర్వాత టెస్ట్ ల్యాంప్‌తో ఒక్కో ఫేజులోనూ కరెంటు లేదని చూసి, అప్పుడే స్పానర్ అందుకునేవారు. నాకూ అదే అలవాటైంది. నా చొక్కాల జేబులన్నీ సాగిపోయాయని మా ఆవిడ ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది.

ఆ రోజు పెద్దాయన నా తరఫున మాట్లాడింది ఆయన మంచితనం కొద్దీ. చట్టం ఆయన్ని అడగమనలేదు. 1961 అప్రెంటిస్‌ల చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడు మాత్రమే. సరే, ఒప్పుకుందాం. మరి శిక్షణ జరుగుతోందా లేదా అని వర్క్‌షాపులో నిలబడి చూసేదెవరు? చట్టం పెట్టిన కౌన్సిల్‌లో యాజమాన్యాల ప్రతినిధులకు పేరు పెట్టి మరీ చోటిచ్చారు. కార్మిక విషయాలు తెలిసిన వ్యక్తులు అన్నారు గానీ కార్మిక సంఘం అనలేదు. దాని ఫలితం ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తోంది. ఫిట్టర్ చదివిన కుర్రాణ్ణి ఏడాది పొడుగునా ప్యాకింగ్ లైన్‌లో నిలబెడతారు, ఏడాది కాగానే పంపేసి కొత్త బ్యాచ్‌ని దింపుతారు. అప్రెంటిస్‌కి ఇచ్చే స్టైఫండ్ పెంచాలని 2025 మేలో ఆ కౌన్సిలే, అంటే సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్, సిఫారసు చేసింది, నెలకు 5,000-9,000 రూపాయల కనీస మొత్తాన్ని 6,800-12,300కి. పెంచాల్సిందే. అయినా ఆ డబ్బుతో పని రాదు కదండీ.

ఫ్యాక్టరీల్లో కనీసం కాగితమైనా ఉంది. బిల్డింగ్ పనిలో అదీ లేదు. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని 2019లో నిబంధన మార్చారు. కోకాపేటలో ముప్పై అంతస్తుల టవర్‌కి వైరు లాగేది సబ్‌కాంట్రాక్టర్ దగ్గరి ఆరేడుగురు. వాళ్లకిది తప్పనిసరి కాదు. ఆ గుంపులో హెల్పర్‌గా చేరిన కుర్రాడు రెండేళ్లు గోడలకు గాడి కొడతాడు, పైపులు పరుస్తాడు. సైటు అయిపోతే ఇంకో మేస్త్రి దగ్గర మళ్లీ గాడి కొట్టడం దగ్గరే మొదలు. ఎర్తింగ్ ఎందుకో ఎవరూ చెప్పరు. రేపు అతనే మన ఇంటికి ఎలక్ట్రీషియన్‌గా వస్తాడు.

ఈ చిక్కుకి అమెరికాలో ఒక దారి ఉంది. అక్కడ ఎలక్ట్రీషియన్ల యూనియన్ ఐబీఈడబ్ల్యూ, కాంట్రాక్టర్ల సంఘం నెకా కలిసి కమిటీలు నడుపుతాయి. కుర్రాణ్ణి ఎంచుకునేది, క్లాసులు చెప్పించేది ఆ కమిటీలే. భవనాల వైరింగ్ ట్రేడు మామూలుగా ఐదేళ్లు. మొదటి రోజు నుంచే జీతం ఉంటుంది. పూర్తి పనివాడి జీతంలో ఇంత శాతమని మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచుతారు. నాకు నచ్చింది వేరొకటి. కుర్రాడి ఒప్పందం ఏ ఒక్క కాంట్రాక్టర్‌తోనో కాదు, కమిటీతో. ఒక సైటులో పని అయిపోతే ఇంకో సైటుకు కమిటీయే పంపుతుంది, నేర్చుకున్నది ఆగిన చోటి నుంచే సాగుతుంది. అక్కడా సీటు తేలిగ్గా దొరకదు, మన యూనియన్లకూ వాళ్లకూ పోలికా లేదు. కానీ సైటు మారినా పిల్లాడి శిక్షణ లెక్క మారకూడదన్న ఆలోచన మనకూ పనికొస్తుంది.

మన దగ్గర డబ్బు లేదనకండి. భవన కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ వ్యయం మీద 1 శాతం సెస్సు వసూలవుతూనే ఉంది. సంక్షేమ బోర్డు, భవన కార్మిక సంఘాలు, కాంట్రాక్టర్లు కలిసి హైదరాబాద్‌లో ఒక్క కమిటీ వేయించండి. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ముందు ఈ రెండు ట్రేడులు చాలు. కుర్రాడి లాగ్‌బుక్‌లో హెచ్‌ఆర్ వాళ్ల సంతకం కాదు, పక్కన నిలబడి నేర్పిన పనివాడి సంతకం ఉండాలి. ఆ పనివాడికీ గంటకింత అని ఇవ్వాలి. లేకపోతే తన పోటీదారుణ్ణి తనే ఎందుకు తయారుచేసుకుంటాడు?

మా సంఘాల తప్పూ ఉంది. మేడే రోజు జెండా కర్ర పట్టుకోవడానికి అప్రెంటిస్‌లను పిలిచాం తప్ప, ఒక్క డిమాండ్ పత్రంలోనైనా వాళ్ల శిక్షణ గురించి రాసిన గుర్తు నాకు లేదు. పెద్దాయన లాంటివాళ్లు ఒకరిద్దరే.

65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకున్నారు, సంతోషం. ఆ సెంటర్లలో మిషన్ల పక్కన నిలబడి నేర్పడానికి రిటైరైన పనివాళ్లను పిలవండి. మొదటి బ్యాచ్‌కి నన్నూ పిలవండి. ఆదివారాలు ఖాళీగానే ఉంటాను. వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ నాది నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్