అమరావతి స్తూపం బొమ్మలు

అందరికీ నమస్కారం. బొమ్మలు వేసేవాళ్లు తప్పక చూడాల్సినవి ఇవి: ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ బృందం అమరావతి మహాస్తూపం శిల్పాలకు గీసిన చిత్రాలు. 1816 నుంచి కొన్నేళ్లపాటు శిథిలమై దిబ్బగా మారిన ఆ స్తూపం దగ్గర చిత్రకారులు పల్నాటి సున్నపురాయి ఫలకాలను ఒక్కొక్కటిగా కాగితం మీదకి ఎక్కించారు. ఆ ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

అప్పటికే అక్కడి రాళ్లను వేరే కట్టడాలకు పట్టుకుపోయేవారు, సున్నం కోసం కాల్చేసేవారు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కొన్ని ఫలకాలకు మిగిలిన ఆనవాలు ఈ బొమ్మలే. పగిలిన అంచుని పగిలినట్టే గీసిన ఆ నిజాయతీ నాకు చాలా ఇష్టం.

ఫొటోలు దొరికితే, స్తూపం రూపాన్నే చెక్కిన ఫలకాల బొమ్మలు జూమ్ చేసి చూడండి. చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, వరసగా ఐదు ఆయక స్తంభాలు (స్తూపం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీద నిలిపేవి), పైన అండం, అంటే గుండ్రటి గోపురం లాంటి భాగం. పోయిన కట్టడం ఎలా ఉండేదో ఊహించడానికి పెద్ద ఆధారం ఆ ఫలకాలే.

అసలు శిల్పాలు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో చాలా ఉన్నాయి. వెళ్లేవాళ్లు ముందు ఈ బొమ్మలు చూసి వెళ్లండి, స్కెచ్‌బుక్ కూడా పట్టుకెళ్లండి.